కాలువ కట్టేసిన రోజులు

బెజవాడలో ఎండాకాలం ముదిరిందని చెప్పడానికి థర్మామీటరు అక్కర్లేదు. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో ఒక పొద్దున, రైల్వే స్టేషన్ నుంచి బస్టాండు వైపు నడిచే జనం వంతెన ఎక్కగానే చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. కాలువలు కట్టేశారన్నమాట. పైన బ్యారేజీ దగ్గర షట్టర్లు దించేస్తారు. పది నెలలుగా గట్లు ఒరుసుకుంటూ పారిన నీళ్ళు మూడు నాలుగు రోజుల్లో తీసేస్తాయి. మొదటి రోజు రేవు మెట్ల మీద నాచు గీత ఒకటి బయటపడుతుంది. తర్వాత టైర్లు, ఆ తర్వాత చీరలు. వారం తిరిగేసరికి ఊరు ఏడాది పొడుగునా ఏమేం వదిలించుకుందో మొత్తం బురదలో పరిచి కనిపిస్తుంది. కొబ్బరి చిప్పలు, ఒంటి చెప్పులు, థర్మోకోల్ ముక్కలు, పరుపులు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఒక సైకిలు రిమ్ము, మందు సీసాలు, నోరు కట్టిన నల్ల కవర్లు. వీటన్నిటి మధ్యలో వెల్లకిలా పడుకుని ఆకాశం వంక చూస్తూ లక్ష్మీదేవి.

ఆ లక్ష్మీదేవి మాదే కావచ్చు. అందుకే ఈ వ్యాసం.

మాది నెల్లూరు జిల్లా పడమటి కొస, సీతారామపురం. వెలికొండల కింద ఊరు. కొండ దిగితే అటు కడప జిల్లా, ఇటు ఉదయగిరి. మా వైపు నీళ్ళంటే చెరువు, బావి, బోరు. వానాకాలంలో వాగు నాలుగు రోజులు వస్తే పిల్లలం చూడ్డానికి పోయేవాళ్ళం, సర్కస్ వచ్చినట్టు. 2009 మార్చిలో మా అవ్వ పోయింది. ఆమె పూజగూడు నిండా పటాలు. పెళ్ళప్పుడు ఎవరో ఇచ్చిన వెంకటేశ్వరస్వామి, ఘటిక సిద్ధేశ్వరం తిరునాళ్ళలో కొన్న శివుడు, చెదలు తిన్న చట్రాలు, అద్దం పగిలిన లక్ష్మీదేవి. వీటిని చెత్తకుప్పలో వెయ్యకూడదు, కాల్చకూడదు, ఇంట్లో ఉంచకూడదు. పారే నీళ్ళల్లో కలపాలి.

అప్పుడు నేను బెజవాడ దగ్గర ఇంజనీరింగ్ రెండో ఏడాది. ఏప్రిల్లో సెలవులకి వచ్చి తిరిగి పోతుంటే నాయన యూరియా సంచిలో పటాలన్నీ సర్ది మూతి కట్టి ఇచ్చాడు. "మన కాడ పారే నీళ్ళు యాడుండాయి నాయనా, నువ్వు బెజవాడ పోతా ఉండావు గదా, కృష్ణమ్మలో కలిపెయ్" అన్నాడు. కావలిలో రైలెక్కాను. కృష్ణ వంతెన మీద విసిరేద్దామని తలుపు దగ్గర నిలబడ్డాను కూడా. కానీ కింద కృష్ణమ్మ లేదు. రైలు వంతెన బ్యారేజీకి దిగువన ఉంటుంది. ఏప్రిల్లో అక్కడ నదంటే కనుచూపుమేర ఇసుక తిన్నెలు, మధ్యలో నాలుగు మడుగులు. నది నీళ్ళన్నీ పైనే పట్టి కాలువల్లోకి తిప్పేస్తారు మరి. ఇసుకలో పడేస్తే కలిపినట్టెలా అవుతుంది? స్టేషన్లో దిగి బస్టాండుకి నడుస్తుంటే ఏలూరు కాలువ. నిండుగా, చల్లగా, పారుతోంది. అటూ ఇటూ చూసి సంచి వదిలేశాను. బుడుంగుమంది. దణ్ణం పెట్టుకున్నాను.

సరిగ్గా రెండు వారాలకి కాలువ కట్టేశారు.

నేను వదిలిన చోటుకి పది గజాల దిగువన, వంతెన స్తంభానికి ఆనుకుని సంచి కనిపించింది. మూతి విప్పుకుని ఉంది. దిగి తీద్దామా అనుకున్నాను, దిగలేదు. మోకాలి లోతు నల్ల బురద, పైగా నడిచిపోయే జనం. ఒకటి రెండు రోజులు వేరే దారిన పోయాను. తర్వాత పొక్లెయిన్ వచ్చింది.

చాన్నాళ్ళు ఇది నా ఒక్కడి తప్పనే అనుకున్నాను. కాలువల చరిత్ర చదవడం మొదలుపెట్టాక తెలిసిందేంటంటే, ఈ తప్పుకి నూట యాభై ఏళ్ళ పైబడిన ఇంజనీరింగ్ పునాది ఉంది.

కథ కరువుతో మొదలవుతుంది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమని తుడిచిపెట్టిన డొక్కల కరువు. దానికి పక్కనే కృష్ణ పారుతూ ఉంది, సముద్రంలో కలుస్తూ ఉంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే కృష్ణ సంగతీ కదిలింది. బెజవాడ దగ్గర నది రెండు కొండల మధ్య ఇరుక్కుని పారుతుంది. అటు సీతానగరం కొండ, ఇటు ఇంద్రకీలాద్రి. రాయి అక్కడే ఉంది. కెప్టెన్ చార్లెస్ ఓర్ చేతుల మీదుగా 1852లో పని మొదలై 1855కి ఆనకట్ట లేచింది. దాని ఎడమ గట్టు నుంచి బయల్దేరిన కాలువలే ఇవాళ విజయవాడ నడిబొడ్డున పారే మూడూ: ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. 1952 వరదలకి ఆనకట్టకి గండి పడింది. దాని దగ్గర్లోనే 1957కల్లా బ్యారేజీ కట్టి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు.

ఒక సంగతి గమనించండి. ఊరు కాలువల మీదికి వచ్చింది గానీ, కాలువలు ఊళ్ళోకి రాలేదు. ఓర్ నాటికి బెజవాడ కొండ కింద చిన్న ఊరు. కాలువలొచ్చాక రైళ్ళొచ్చాయి, రైళ్ళొచ్చాక కూడలి అయింది, కూడలి అయ్యాక నగరం అయింది. పొలాలకి నీళ్ళు మోసుకుపోవడానికి తవ్విన కాలువ తన తప్పేమీ లేకుండా లక్షల జనం ఉన్న నగరానికి మధ్యలో చిక్కుకుంది.

ఇంకో సంగతి. వీటిని సాగు కోసమే తవ్వలేదు, పడవల కోసం కూడా తవ్వారు. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో ధాన్యం, ఉప్పు, పొగాకు, కట్టెలు, మనుషులు, అన్నీ పడవల మీదే. ఏలూరు కాలువ పట్టుకుని తూర్పుకి పోతే గోదావరి. కృష్ణకి కుడివైపున కొమ్మమూరు కాలువ పట్టుకుని పెదగంజాం దాకా పోతే అక్కడ బకింగ్‌హామ్ కాలువ అందుకుంటుంది. అది మా నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డు వెంబడే మద్రాసు దాకా పోతుంది. 1877-78 కరువులో కూలి పనిగా ఆ కాలువలో చాలా భాగం తవ్వించారు, అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు. అంటే కాకినాడలో పడవెక్కినవాడు సముద్రంలోకి దిగకుండా మద్రాసులో దిగొచ్చు. బెజవాడలో ఇప్పటికీ లాకుల సెంటర్ అంటారు. ఆ సెంటర్లో ఆటో ఎక్కే కుర్రాడికి లాకు అంటే పడవని పై మట్టం నుంచి కింది మట్టానికి దించే నీళ్ళ లిఫ్టు అని తెలియాల్సిన పని లేదు.

పడవలు ఉన్నంతకాలం కాలువలో చెత్త ఒక సమస్యే అయ్యుండదని నా ఊహ. ఆ రోజుల్లో చెత్తంటే విస్తరాకులు, బూడిద, పేడ, కుండ పెంకులు. కుళ్ళేది కుళ్ళిపోయేది, కుళ్ళనిది మట్టి అయ్యేది. పైగా పడవకి దారి కావాలి. అడుగున తట్టుకుంటే సరుకు ఆగిపోతుంది, సరుకు ఆగితే షావుకారు ఊరుకోడు. రైలూ లారీ కలిసి ఆ షావుకార్లని కాలువ దగ్గర్నుంచి లాక్కుపోయాక, నగరంలో కాలువ గురించి పట్టించుకునే పెద్దమనిషి లేకుండా పోయాడు. దాన్ని చూసుకునేవాళ్ళు మిగిలింది దిగువన, పొలాల్లో.

అన్నట్టు, 2008 నవంబరులో కేంద్రం కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ పాత కాలువలన్నిటినీ కలిపి జాతీయ జలమార్గం 4 అని ప్రకటించింది. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అందులో ఏలూరు కాలువా ఉంది. అంటే 2009 ఏప్రిల్లో మా అవ్వ దేవుళ్ళని నేను సాక్షాత్తూ జాతీయ జలమార్గంలోనే నిమజ్జనం చేశాను. కాగితం మీద అది ఓడలు తిరిగే చోటు.

కాలువ ఎండగట్టి చూడటం మనవాళ్ళే కనిపెట్టిందేమీ కాదు. పారిస్ నగరంలో కెనాల్ సాన్ మార్తాన్ అని ఒకటుంది. నాలుగున్నర కిలోమీటర్ల చిన్న కాలువ. పారిస్‌కి తాగునీళ్ళూ సరుకులూ తేవడానికి నెపోలియన్ 1802లో తవ్వమన్నాడు, 1825లో మొదలైంది. మన ఆనకట్టకి సరిగ్గా ముప్ఫై ఏళ్ళు పెద్దది. దాన్ని పదీ పదిహేనేళ్ళకోసారి ఖాళీ చేసి బాగుచేస్తారు. 2001లో చేసినప్పుడు నలభై టన్నుల చెత్త బయటపడిందట. మళ్ళీ 2016 జనవరిలో చేశారు. ముందు చేపల్ని పట్టి వేరే నీళ్ళల్లో వదిలారు, ఆ తర్వాత బురద. బురదలో సీసాలు, సూపర్‌మార్కెట్ తోపుడుబళ్ళు, స్కూటర్లు, నగరపాలిక అద్దెకిచ్చే సైకిళ్ళు, ఒక తుపాకీ. జనం వంతెనల మీద నిలబడి ఫొటోలు తీసుకున్నారు. 2001లోనే వచ్చిన 'అమెలీ' సినిమాలో హీరోయిన్ నీళ్ళ మీద రాళ్ళు ఎగరేసే కాలువ అదే. ఆ సినిమా చూసి పారిస్ మీద ప్రేమ పెంచుకున్నవాళ్ళు (నేనూ ఒకణ్ణి) 2016 ఫొటోలు కూడా చూడాలి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏటా పన్నెండు నుంచి పదిహేను వేల సైకిళ్ళు కాలువల్లోంచి తీస్తారు. దానికోసం కొక్కేల క్రేన్లున్న పడవలు ఉన్నాయి. కానీ ఆ ఊరు చేసిన అసలు పని వేరే. అక్కడ మెట్రో లైను కోసం 2003 నుంచి 2012 దాకా ఆమ్‌స్టెల్ నది పాత అడుగుని తవ్వాల్సి వచ్చింది. కాంట్రాక్టరుతో పాటు పురావస్తు శాఖవాళ్ళూ దిగారు. దాదాపు ఏడు లక్షల వస్తువులు దొరికాయి. పాచికలు, పొగ గొట్టాలు, తాళంచెవులు, కట్టుడు పళ్ళు, బొమ్మలు, మొబైల్ ఫోన్లు. అన్నీ కడిగి, వయసు కట్టి, ఫొటోలు తీసి, 2018లో వెబ్‌సైట్లో పెట్టారు. మీరు మౌస్‌తో కిందికి జరుపుతూ పోతే ఫోన్ల కాలం నుంచి ప్లాస్టిక్ కాలానికి, పింగాణీ కాలానికి, తోలు చెప్పుల కాలానికి దిగిపోతారు. ఒక రాత్రి మూడింటిదాకా జరుపుతూ కూచున్నాను. రాజుల పేర్లు లేని చరిత్ర పుస్తకం అది. ఎవడి జేబులోంచో జారిన తాళంచెవి, దాంతోపాటు ఆ సాయంత్రం వాడు ఇంటి బయట నిలబడి పడ్డ అవస్థ.

నవ్వొచ్చే కేసు జపాన్‌ది. 1985లో ఒసాకాలో హాన్‌షిన్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు గెలిచిన సంబరంలో అభిమానులు ఒక కేఎఫ్‌సీ ముందున్న కల్నల్ సాండర్స్ బొమ్మని ఎత్తుకొచ్చి దోతోంబోరి కాలువలో పడేశారు. ఆ తర్వాత జట్టు ఎన్నేళ్ళకీ ఛాంపియన్ కాలేదు. కల్నల్ శాపం అన్నారు. 2009 మార్చిలో, అంటే ఇక్కడ మా అవ్వ పోయిన నెలలోనే, కాలువ పనుల్లో ఆయన దొరికాడు. కళ్ళద్దాలు లేవు, ఎడమ చెయ్యి లేదు. జట్టు మళ్ళీ జపాన్ సిరీస్ గెలవడానికి 2023 దాకా పట్టింది. దేవుడు కాని ఒక బొమ్మని నీళ్ళల్లో వేస్తే శాపం తగులుతుందని వాళ్ళు భయపడ్డారు. దేవుడి బొమ్మని నీళ్ళల్లో వెయ్యకపోతే తగులుతుందని మనం భయపడతాం.

మన కాలువ అడుక్కీ వాళ్ళ కాలువ అడుక్కీ తేడా అక్కడే ఉంది. పారిస్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో దొరికేవి చాలావరకు దొంగతనంగానో, తాగిన మత్తులోనో, పొరపాటునో పడ్డవి. మనదాంట్లో ఆ బాపతు ఎటూ ఉంటుంది, సందేహం లేదు. కానీ దాంతో సమానంగా భక్తితో వేసింది ఉంటుంది. పసుపు కుంకాల పొట్లాలు, ఎండిన దండలు, దీక్ష విరమించిన మాలలు, దిష్టి తీసిన గుమ్మడికాయలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుళ్ళు, అస్థికలు కలిపి వదిలేసిన కొత్త కుండ. వేసినవాళ్ళెవరికీ చెత్త వేశామని లేదు. వాళ్ళ లెక్కలో అది అప్పగింత.

తెలుగులో "పారేయడం" అనే మాటలోనే "పారడం" ఉంది. పారుతున్నదాంట్లో వెయ్యడం, అది తీసుకుపోవడం. నేను భాషాశాస్త్రవేత్తని కాదు గనక ఇంతకన్నా లాగను. కానీ మన ఆలోచన మాత్రం కచ్చితంగా ఇదే. పారే నీటికి అంటు లేదు, మైల లేదు, అది ఏదీ తనతో ఉంచుకోదు. నదికి ఇది ఎంతో కొంత నిజం. వరదొచ్చినప్పుడు నది నిజంగానే తీసుకుపోతుంది. కాలువ అలా కాదు. కాలువ నీటిపారుదల శాఖవాళ్ళ గొట్టం. దానికి మూత ఉంది, కొలత ఉంది, డ్యూటీలో ఉన్న లస్కరు ఉన్నాడు. పడవ కోసం, పొలం కోసం లెక్కేసి పెట్టిన వాలు తప్ప దానికి వరద లేదు, ఉప్పెన లేదు, తనని తాను కడుక్కునే రోజు లేదు. మనం దానికి నది అని దణ్ణం పెట్టుకుంటాం, శాఖవాళ్ళు ఏప్రిల్లో మూత తిప్పేస్తారు. అప్పగించినవన్నీ తిరిగొస్తాయి.

నా తప్పుకి ఇంజనీరింగ్ పునాది ఉందన్నది ఇందుకే. ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి, ఎండాకాలంలో బెజవాడ దగ్గర నదిలో పారేది ఏమీ లేదు. పారుడు మొత్తం కాలువల్లోకి బదిలీ అయింది. శాస్త్రం మారలేదు, నది చిరునామా మారింది.

నాణేల సంగతి ఇంకా బాగుంటుంది. రైలు కృష్ణ మీదికి రాగానే కిటికీల్లోంచి చేతులు బయటికొస్తాయి. కింద వాటిని ఏరుకునేవాళ్ళు ఉంటారు. పాత స్పీకర్లలోంచి పీకిన అయస్కాంతాన్ని తాడుకి కట్టి నీళ్ళల్లోకి విసిరి లాగుతారు. కాలువ కట్టేసిన రోజుల్లో రేవుల దగ్గర కూడా ఈ పని చూశాను. చాలారోజుల తర్వాత ఒక ఆలోచన వచ్చింది. అయస్కాంతానికి రాగి అంటదు, కంచు అంటదు, అల్యూమినియం అంటదు, రాగి-నికెల్ కలిపిన పాత రూపాయి కూడా అంటదు. మన నాణేలు అయస్కాంతానికి అంటుకునే స్టీలుకి మారడం 1988లో చిన్న బిళ్ళలతో మొదలైంది, రూపాయి 1992లో మారింది. అంటే ఆ తాడుకి చిక్కేది చాలావరకు ఉదారీకరణ కాలపు భక్తి. మా అవ్వ వయసులో ఉన్నప్పుడు ఎవరైనా వేసిన పైసా ఇంకా బురదలోనే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌వాళ్ళలాగా ఎవరైనా కడిగి చూడాల్సిందే.

పూర్వం రాగి నాణేలు వేసేవాళ్ళనీ, రాగి నీటిని శుద్ధి చేస్తుందనీ, మనవాళ్ళ విజ్ఞానం అదనీ వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంటుంది. సరే. ఇప్పటి రూపాయిలో ఎనభై మూడు శాతం ఇనుము, పదిహేడు శాతం క్రోమియం. దీనిమీద కూడా ఎవరైనా విజ్ఞానం రాస్తారేమో చూడాలి.

కట్టేసిన కాలువలో అన్నిటికన్నా ఎక్కువ కనబడేది మాత్రం మనం వేసింది కాదు, గుర్రపు డెక్క. దక్షిణ అమెరికా మొక్క. పువ్వు అందంగా ఉందని ఎవరో తెచ్చి పెంచుకుంటే బెంగాల్ నీళ్ళన్నీ కమ్మేసింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ దీన్ని జర్మన్ పానా అనేవాళ్ళు, శత్రువు పంపాడని. 1936లో దీనిమీద ఏకంగా చట్టమే చేశారు. మనవాళ్ళు ఆకు ఆకారం చూసి పేరు పెట్టి ఊరుకున్నారు. డ్రైనేజీ కలిసిన నీళ్ళంటే దీనికి విందుభోజనం. దీని వేళ్ళల్లో ప్లాస్టిక్ చిక్కుకుంటుంది, ప్లాస్టిక్‌కి బట్ట, బట్టకి బురద. పొక్లెయిన్ ఎత్తేది ఈ చాపనే. ఎత్తినదాన్ని చాలాసార్లు గట్టు మీదే పోస్తారు. తొలకరికి అందులో సగం మళ్ళీ లోపలికి.

ఎందుకలా అంటే టైము లేదు. పూర్వం నదికి నీళ్ళొచ్చేదాకా కాలువ తెరిచే ప్రశ్నే లేదు గనక బాగుచేతకి వ్యవధి ఉండేది. 2015లో పట్టిసీమ వచ్చాక గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో పడుతున్నాయి, జూన్లోనే కాలువలు వదిలే వీలు వచ్చింది. డెల్టా రైతుకి అది బంగారం. బురద తీసేవాళ్ళకి ఉన్న వారాలు తగ్గాయి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఒక్క మాట: పాత జావాలో మెమరీ చెత్త ఏరడానికి ప్రోగ్రాం మొత్తాన్ని కాసేపు ఆపేవాళ్ళు కదా, "స్టాప్ ద వరల్డ్" అని. క్లోజరు అంటే అదే. ఆ ఆగే సమయం తగ్గించమని అందరూ అడుగుతారు, చెత్త పుట్టే వేగం తగ్గించమని ఎవరూ అడగరు. పోలిక ఇక్కడితో ఆపేస్తాను, కాలువని కంప్యూటరు చేస్తే మళ్ళీ అదో తప్పు.

ఇంతసేపూ తేలిగ్గా రాస్తూ వచ్చాను గానీ, కట్టేసిన కాలువ ఎప్పుడూ తేలిగ్గా ఉండదు. 2020 ఫిబ్రవరిలో కరీంనగర్ పక్కన అలుగునూరు దగ్గర ఒక జంట బైకు మీద పోతూ కాకతీయ కాలువలో పడ్డారు. భర్తని కాపాడగలిగారు. భార్య కోసం వెతకడానికి ఎగువన నీళ్ళు ఆపించారు. నీళ్ళు తగ్గేసరికి ఎవరూ వెతకని ఒక కారు పైకప్పు కనిపించింది. లోపల ముగ్గురు. తల్లి, తండ్రి, కూతురు. దాదాపు మూడు వారాలుగా కనిపించకుండా పోయిన కుటుంబం. అన్ని రోజులూ ఆ కాలువ మీద పైన బళ్ళు పోతూనే ఉన్నాయి, కింద నీళ్ళు పొలాలకి పోతూనే ఉన్నాయి. ఆ వార్త చదివిన రోజు నుంచి నిండుగా పారుతున్న ఏ కాలువనీ మునుపటిలా చూడలేకపోతున్నాను. నిండుగా ఉండటమంటే దాచి ఉండటం కూడా.

దిగువన ఇంకొక లెక్క ఉంది, అది నాకు కాలేజీ రోజుల్లో తట్టనే లేదు. హాస్టల్లో నా గది సహచరుడిది గుడివాడ వైపు పల్లె. నా సంచి కథ వాడికి నవ్వుతూ చెప్పాను. వాడు నవ్వలేదు. "మేము తాగేది అవేరా" అన్నాడు. నిజమే. కాలువ కట్టేసే ముందు గుడివాడ, బందరు వైపు ఊళ్ళన్నీ చెరువులు నింపుకుంటాయి. ఎండాకాలమంతా ఆ నీళ్ళే వడకట్టి, క్లోరిన్ కలిపి తాగుతారు. బోరు వేస్తే ఉప్పు. నగరంలో మనం వంతెన మీద నిలబడి దణ్ణం పెట్టి పారేసేది వాళ్ళ కుండలోకి పారుతుంది. తర్వాత ఎప్పుడో వంతెనలకి ఇనుప వలలు కట్టారు. జనం వలకి పైనుంచి విసరడం నేర్చుకున్నారు. కొన్ని కవర్లు వలకే చిక్కుకుని గాలికి ఊగుతుంటాయి.

మా ఊరి చెరువు ఎండితే ఏం కనిపించేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తుంటాను. నెర్రెలిచ్చిన ఒండ్రు. దాంట్లో కుండ పెంకులు, గాజు ముక్కలు, ఎద్దు కాలి నాడా, ఎప్పుడో ఎవరిదో ఇత్తడి చెంబు మూత. రైతులు బండ్లు కట్టుకొచ్చి ఆ మట్టి చేలకి తోలుకుపోయేవాళ్ళు, పోటీలు పడి. పూడిక తీయడమంటే మా వైపు ఎరువు తెచ్చుకోవడం. బెజవాడ కాలువ పూడికని ఏ రైతైనా చేలో వేసుకుంటాడా? మా వాళ్ళు చెత్త వెయ్యని మంచివాళ్ళని కాదు. పారేసుకునేంత వస్తువులు మాకు లేవు, అంతే. ఈమధ్య ఊరెళ్తే చెరువు అలుగు దగ్గర తంబ్సప్ సీసాలు, బిర్యానీ డబ్బాలు చూశాను. మేమూ ఎదుగుతున్నాం.

అదే కృష్ణ నీళ్ళ కోసం మా మెట్ట ఊళ్ళు ఎదురుచూస్తున్నాయి. శ్రీశైలం నుంచి కొండలు తొలిచి సొరంగాల్లో ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల మెట్టకి తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు. ఉదయగిరి వైపుకీ వస్తాయన్నారు. నేను ఇంటర్ చదవకముందు నుంచి వింటున్న మాట. ఇంట్లో ఎప్పుడు ఈ ప్రస్తావన వచ్చినా నాయన ముఖంలో ఒక వెలుగొస్తుంది. కాలువ వస్తే గట్టు మీద ఏమేం చెట్లు వెయ్యాలో కూడా ఆయన దగ్గర లెక్క ఉంది.

కిందటి మే నెలలో ఆయన్ని కంటి ఆపరేషనుకి బెజవాడ తీసుకెళ్ళాను. కిటికీ పక్క సీటు. రైలు కృష్ణ మీదికి రాగానే చొక్కా జేబులోంచి రెండు రూపాయి బిళ్ళలు తీసి, ఒకటి విసిరి దణ్ణం పెట్టుకున్నాడు. అది ఇసుకలో పడుంటుంది. చప్పుడు వినపడదు కదా, వంతెన మోతలో. తర్వాత, పదహారేళ్ళలో ఎప్పుడూ అడగనిది అడిగాడు.

"అవ్వ దేవుళ్ళని ఈడే గదా కలిపింది?"

నేను కాసేపు ఆగి, "ఈడ కాదు నాయనా, ఇంకొంచెం ముందుకి పోవాల" అన్నాను.

వంతెన దిగి రైలు స్టేషను వైపు మలుపు తిరుగుతుంటే కాలువ వచ్చింది. చెయ్యి చూపించాను. ఆపరేషను కాని కళ్ళు చికిలించి కిందికి చూశాడు. కట్టేసి వారం అయినట్టుంది. నల్లగా, అడుగంటా.

"నీళ్ళు యాడ?" అన్నాడు.

"కట్టేశారు. జూన్లో వదులుతారు."

రెండో రూపాయి ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని కాసేపు వేళ్ళ మధ్య తిప్పి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.